టైల్‌విండ్ అప్పర్‌కేస్ క్లాస్: తెర మీద క్యాపిటల్స్ ఉన్నా ఫారం తప్పంటోంది, పేర్లు మారడం లేదు, తెలుగు వత్తులు తెగుతున్నాయి

గోదారి_ఫ్రంట్‌ఎండ్ అడిగిన ప్రశ్న

నమస్తే అండీ. రైతుల సహకార సంఘం కోసం తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో సైటు, టైల్‌విండ్ 4 (రెడీమేడ్ సీఎస్ఎస్ స్టైల్ క్లాసులిచ్చే ఫ్రేమ్‌వర్క్)తో. అక్షరాల కేస్ (క్యాపిటలా, స్మాలా అన్నది) మార్చే క్లాసుల దగ్గర నాలుగు చోట్ల ఆగిపోయాను.

సభ్యత్వ ఫారంలో పాన్ నంబరు గడికి "అప్పర్‌కేస్" క్లాస్ పెట్టాను. స్మాల్ లెటర్స్ టైప్ చేసినా క్యాపిటల్స్‌లోనే కనిపిస్తున్నాయి. ప్యాటర్న్ (గడిలో ఏ రూపం ఉండాలో చెప్పే నియమం) కూడా సరిగ్గానే రాశాను: 5 క్యాపిటల్ అక్షరాలు, 4 అంకెలు, చివర 1 క్యాపిటల్ అక్షరం. కళ్లకు అంతా సరిగ్గా ఉన్నా, సబ్మిట్ నొక్కితే బ్రౌజర్ ఫార్మాట్ తప్పంటోంది. పైగా ప్లేస్‌హోల్డర్‌లో రాసిన సూచన కూడా మొత్తం క్యాపిటల్స్ అయిపోయింది.

పాత డేటాబేస్ నుంచి వచ్చిన సభ్యుల పేర్లన్నీ క్యాపిటల్స్‌లో ఉన్నాయి. "క్యాపిటలైజ్" పెడితే ఏమీ మారలేదు. "లోయర్‌కేస్ క్యాపిటలైజ్" అని రెండూ కలిపి పెడితే ఒకటే పనిచేస్తోంది.

కార్డు మొత్తానికి "అప్పర్‌కేస్" ఇస్తే లోపలి బటన్ మారలేదు. మారకూడదనుకున్న బ్యాడ్జ్ మాత్రం మారింది.

ఇంగ్లిష్ లేబుల్స్‌కి "అప్పర్‌కేస్ టెక్స్ట్-ఎక్స్‌ఎస్ ట్రాకింగ్-వైడెస్ట్ లీడింగ్-నన్ ట్రంకేట్" అని ఒకే వరస వాడుతున్నాం. తెలుగు పేజీలో అదే వరసతో అక్షరాలు చెల్లాచెదురుగా కనిపిస్తున్నాయి, కింది వత్తులు సగం తెగుతున్నాయి. దేన్ని ఎక్కడ మార్చాలి?

కాస్కేడ్‌కాపరి జవాబు

ముందు పాన్ సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ పాడయ్యేది డేటా.

"అప్పర్‌కేస్" క్లాస్ చేసేది ఒక్కటే: ఆ ఎలిమెంట్‌కి టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ ప్రాపర్టీని అప్పర్‌కేస్‌గా పెట్టడం. తెర మీద బొమ్మ గీసేటప్పుడే అక్షరం మారుతుంది. గడి లోపలి వాల్యూ వాడుకరి టైప్ చేసిన రూపంలోనే ఉంటుంది. ప్యాటర్న్ తనిఖీ చూసేది ఆ వాల్యూని. సర్వర్‌కి వెళ్లేదీ అదే. అందుకే కళ్లకు క్యాపిటల్స్ కనిపిస్తుంటే బ్రౌజర్ తప్పంటోంది. ప్యాటర్న్ లేకపోతే ఇంకా ప్రమాదం. తప్పు బయటపడకుండానే స్మాల్ లెటర్స్ డేటాబేస్‌లోకి చేరతాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పోలిక మామూలుగా కేస్‌ని పట్టించుకుంటుంది కాబట్టి ఒకే పాన్ రెండు రూపాల్లో వస్తే యూనిక్ ఇండెక్స్ కూడా ఆపదు, ఒకే రైతుకి రెండు సభ్యత్వాలు పడతాయి.

నేనైతే ఇలా కడతాను. క్లాస్ ఉంచండి, అది వాడుకరికి మంచి సూచన. ప్యాటర్న్‌లో అక్షరాల చోట క్యాపిటల్ శ్రేణి, స్మాల్ శ్రేణి రెండూ ఒకే చదరపు బ్రాకెట్‌లో రాయండి. జావాస్క్రిప్ట్ రెజెక్స్‌లో కేస్ చూడొద్దని చెప్పే ఐ ఫ్లాగ్ ఉంటుంది కానీ, హెచ్‌టీఎంఎల్ ప్యాటర్న్ ఆట్రిబ్యూట్‌లో దానికి చోటు లేదు, కాబట్టి రెండు శ్రేణులూ రాయడమే సురక్షితం. "ఛేంజ్" ఈవెంట్‌లో వాల్యూ చుట్టూ ఉన్న ఖాళీలు తీసేసి టు-అప్పర్‌కేస్ చేసి తిరిగి గడిలో పెట్టండి. సర్వర్‌లో సేవ్ చేసే ముందు అదే పని మళ్లీ చేయండి. బ్రౌజర్‌లో చేసేది వాడుకరి సౌకర్యం కోసం, డేటాకి హామీ ఇచ్చేది సర్వర్‌లో చేసేదే.

"ఇన్‌పుట్" ఈవెంట్‌లో, అంటే ఒక్కో అక్షరానికి వాల్యూ మార్చడం వద్దు. జావాస్క్రిప్ట్‌తో వాల్యూని మార్చి పెడితే కర్సర్ చివరికి దూకుతుంది. నంబరు మధ్యలో ఒక తప్పక్షరం దిద్దబోయినవాళ్లకి తర్వాతి అక్షరం చివరన పడుతుంది. రియాక్ట్‌లో స్టేట్‌తో నడిపే గడులకీ ఇదే ఇబ్బంది. తప్పనిసరైతే సెలెక్షన్-స్టార్ట్ విలువ ముందే దాచుకుని, మార్చాక తిరిగి పెట్టాలి.

ఫోన్లలో టైప్ చేసేవాళ్ల కోసం ఆటోక్యాపిటలైజ్ ఆట్రిబ్యూట్‌కి "క్యారెక్టర్స్" అని ఇవ్వండి. తెర కీబోర్డు క్యాపిటల్స్‌లోనే తెరుచుకుంటుంది. మామూలు కీబోర్డు మీద దీనికి ప్రభావం ఉండదు, కాబట్టి పైన చెప్పినవాటికి ఇది బదులు కాదు. మ్యాక్స్‌లెంగ్త్‌ని సరిగ్గా 10కి బిగించకండి. వాట్సాప్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు ముందు ఒక ఖాళీ వస్తే చివరి అక్షరం తెగిపోతుంది, ఎందుకు తెగిందో వాళ్లకి తెలియదు. ఓ నాలుగైదు ఎక్కువ ఇచ్చి ఛేంజ్‌లో శుభ్రం చేసుకోండి.

ప్లేస్‌హోల్డర్‌కి "ప్లేస్‌హోల్డర్:నార్మల్-కేస్" చేర్చండి, సూచన మామూలుగా కనిపిస్తుంది. నార్మల్-కేస్ అంటే టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్‌ని "నన్" చేయడం. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందే తప్ప స్మాల్ లెటర్స్‌గా మార్చదు.

ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) గడి కూడా ఉండే ఉంటుంది. అది 11 గుర్తులు: 4 అక్షరాలు, అయిదో చోట ఎప్పుడూ సున్నా, తర్వాత 6 అక్షరాలో అంకెలో. అయిదో చోట సున్నాకి బదులు "ఓ" అక్షరం కొట్టేవాళ్లు ఉంటారు. స్మాల్‌లో ఉంటే పక్క అంకెలకన్నా పొట్టిగా ఉండి తేడా తెలుస్తుంది. అప్పర్‌కేస్ పెట్టగానే అది సున్నాతో కలిసిపోతుంది. ఆ గడికి "ఫాంట్-మోనో స్లాష్డ్-జీరో" కూడా ఇవ్వండి. ఫాంట్‌లో ఆ సౌకర్యం ఉంటే సున్నాకి అడ్డగీత వస్తుంది. "ఫార్మాట్ తప్పు" అని వదిలేయకుండా "అయిదో గుర్తు సున్నా ఉండాలి" అని చెప్పండి.

క్యాపిటల్‌కీ స్మాల్‌కీ తేడా పాటించే కోడ్‌లకి మాత్రం ఈ క్లాస్ అసలు వాడకండి. తాము ఏం కొట్టామో వాడుకరికి కనిపించకుండా దాచినట్టవుతుంది. ఈమెయిల్ గడికి "లోయర్‌కేస్" కూడా అలాగే వద్దు.

అరసున్న జవాబు

పేర్ల సంగతి నేను చెబుతాను.

"క్యాపిటలైజ్" ప్రతి మాటలో మొదటి అక్షరాన్ని మాత్రమే పెద్దది చేస్తుంది, మిగతా అక్షరాల జోలికి పోదు. అన్నీ క్యాపిటల్స్‌లో ఉన్న పేరులో మొదటిది ఎలాగూ క్యాపిటలే, కాబట్టి మార్పు కనిపించదు. "లోయర్‌కేస్ క్యాపిటలైజ్" కలిపితే ఒకదాని తర్వాత ఒకటి జరగవు. రెండు క్లాసులూ రాసేది ఒకే ప్రాపర్టీకి. తయారైన సీఎస్ఎస్ ఫైల్లో ఏది తర్వాత ఉంటే అదే నిలుస్తుంది. క్లాస్ ఆట్రిబ్యూట్‌లో మీరు రాసిన వరసకి విలువ లేదు. కాంపొనెంట్లకి బయటి నుంచి క్లాసులు పంపేటప్పుడు కూడా ఇదే చిక్కు. టైల్‌విండ్-మెర్జ్ వాడితే ఢీకొనే క్లాసుల్లో చివరిది ఉంచి ముందువి తీసేస్తుంది.

పేర్లని సీఎస్ఎస్‌తో దిద్దొద్దు, డేటాలోనే ఒకసారి దిద్దుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో ఇనిట్‌క్యాప్ ఫంక్షన్ ఉంది, ప్రతి మాటకీ మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి చేస్తుంది. అక్షరాలూ అంకెలూ కానిది ఏది వచ్చినా కొత్త మాట మొదలైనట్టే లెక్క. అందువల్ల చుక్కలు పెట్టిన ఇంటిపేరు ఇనిషియల్స్, ఎన్.వి.ఎస్. లాంటివి, మూడూ క్యాపిటల్స్‌గానే మిగులుతాయి. ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టే చిన్న జావాస్క్రిప్ట్ ఫంక్షన్ సొంతంగా రాసుకుంటే ఎన్ ఒక్కటే పెద్దక్షరంగా మిగిలి వి, ఎస్ చిన్నవైపోతాయి. మన పేర్లలో ఇది అడుగడుగునా తగులుతుంది.

చుక్కలు లేకుండా కలిపి రాసిన ఇనిషియల్స్‌ని ఇనిట్‌క్యాప్ కూడా చెడగొడుతుంది. ఎన్‌విఎస్ అన్నది ఇనిషియల్సో పేరో దానికి తెలియదు. మూడు, అంతకన్నా తక్కువ అక్షరాలున్న మాటలు ఉన్న పేర్లని వేరే జాబితాగా తీసి మనిషి చేత చూపించండి. రావు పేరు కూడా ఇంగ్లిష్‌లో మూడక్షరాలే కాబట్టి వాటన్నిటినీ క్యాపిటల్స్‌గా వదిలేయడం కుదరదు. మార్చేముందు పాత పేరుని టేబుల్‌లో వేరే కాలమ్‌లో ఉంచుకోండి. పాస్‌బుక్కులో, పట్టాలో ఉన్న పేరుతో పోల్చాల్సి వచ్చినప్పుడు అది అవసరం.

శీర్షికలకి కూడా "క్యాపిటలైజ్" నాకు నచ్చదు. "గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ" అనే దాంట్లో "ఆఫ్" మొదటి అక్షరాన్నీ పెద్దది చేస్తుంది. వాక్యంలా మొదటి ఒక్క అక్షరమే పెద్దది కావాలంటే "లోయర్‌కేస్ ఫస్ట్-లెటర్:అప్పర్‌కేస్" వాడండి. ఇక్కడ రెండూ పనిచేస్తాయి, ఎందుకంటే రెండోది వేరే సూడో ఎలిమెంట్ మీద పడుతుంది. అయితే ఫస్ట్-లెటర్ బ్లాక్, ఇన్‌లైన్-బ్లాక్ లాంటి వాటికే వర్తిస్తుంది. మామూలు స్పాన్ మీదా, ఫ్లెక్స్ కంటెయినర్ మీదా పనిచేయదు. స్పాన్ అయితే "ఇన్‌లైన్-బ్లాక్" చేర్చండి, ఫ్లెక్స్ అయితే లోపల ఇంకో ఎలిమెంట్ పెట్టి దానికి ఇవ్వండి. వాక్యం మధ్యలో ఊరి పేరో, సంస్థ పేరో ఉంటే లోయర్‌కేస్ దాన్నీ చిన్నది చేసేస్తుంది, కాబట్టి "పెండింగ్", "అప్రూవ్డ్" లాంటి స్థితి మాటలకే దీన్ని పరిమితం చేయండి.

ట్యాగ్‌తోరణం జవాబు

బటన్ ఎందుకు మారలేదంటే: టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ పై ఎలిమెంట్ నుంచి వారసత్వంగా దిగే ప్రాపర్టీయే. కానీ బటన్, ఇన్‌పుట్, సెలెక్ట్, టెక్స్ట్ఏరియాలకి బ్రౌజర్ సొంత స్టైల్‌షీట్‌లోనే "నన్" రాసి ఉంటుంది. వారసత్వం కన్నా ఎలిమెంట్‌కి నేరుగా పడే రూల్ బలమైనది. క్లాస్ బటన్‌కే ఇవ్వండి. బ్యాడ్జ్‌కి "నార్మల్-కేస్" ఇవ్వండి. అసలు కార్డు మొత్తానికి కాకుండా హెడింగ్‌కి మాత్రమే అప్పర్‌కేస్ ఇస్తే ఈ రెండు దిద్దుబాట్లూ అక్కర్లేదు.

బూట్‌స్ట్రాప్ అనే మరో సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్ నుంచి వచ్చేవాళ్ల కోసం ఒక మాట. అక్కడ ఇవే క్లాసులు టెక్స్ట్-అప్పర్‌కేస్, టెక్స్ట్-లోయర్‌కేస్, టెక్స్ట్-క్యాపిటలైజ్. వాటికి ఇంపార్టెంట్ (మిగతా రూల్స్‌ని దాటేసే గుర్తు) తగిలించి ఉంటుంది. "నన్" చేసే క్లాస్ మామూలుగా రాదు, యుటిలిటీ ఏపీఐ ద్వారా చేర్చుకోవాలి. పై ఎలిమెంట్‌కి ఇంపార్టెంట్ ఉంది కదా, లోపలిదాన్ని మార్చలేమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇంపార్టెంట్ పోటీ ఒకే ఎలిమెంట్ మీద పడే రూల్స్ మధ్యే. లోపలి ఎలిమెంట్‌కి మామూలు రూల్ రాసినా వారసత్వాన్ని దాటేస్తుంది.

ఇక తెలుగు లేబుల్స్. మన లిపికి కేస్ లేదు, కాబట్టి అప్పర్‌కేస్ వల్ల తెలుగు అక్షరానికి లాభమూ నష్టమూ లేవు. నష్టం దాని వెంట వచ్చే మూడు క్లాసుల వల్ల. ట్రాకింగ్-వైడెస్ట్ అంటే అక్షరాల మధ్య 0.1 ఈఎమ్ ఎడం, అంటే ఫాంట్ సైజులో పదో వంతు. అన్నీ ఒకే ఎత్తులో నిలువుగా ఉండే ఇంగ్లిష్ క్యాపిటల్స్ ఆ ఎడంతో తేలిగ్గా చదవొస్తాయి. గుండ్రటి తెలుగు అక్షరాలు ఇప్పటికే విడివిడిగా కూర్చుంటాయి, ఇంకా ఎడం పెడితే మాట ఎక్కడ ముగిసిందో కన్ను పట్టుకోలేదు. లీడింగ్-నన్ అంటే వరస ఎత్తు ఫాంట్ సైజుకి సరిగ్గా 1 రెట్టు. క్యాపిటల్స్‌కి కిందికి దిగే తోకలు లేవు కాబట్టి ఇంగ్లిష్‌లో అది సరిపోతుంది. "రాష్ట్రం"లో ష కింద ట, ర వత్తులు, "స్త్రీ"లో స కింద రెండు వత్తులు ఆ ఎత్తులో పట్టవు. ట్రంకేట్‌లో ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటుంది కాబట్టి బయటికి వచ్చిన భాగాన్ని కోసేస్తుంది. మీకు తెగి కనిపిస్తున్నది అదే.

టైల్‌విండ్ 4లో సీఎస్ఎస్ ఫైల్లో "ఎట్-కస్టమ్-వేరియంట్"తో లాంగ్ సెలెక్టర్ మీద తెలుగుకి ఒక వేరియంట్ కట్టుకోండి, పేరు "టీఈ" అనుకుందాం. లేబుల్‌కి "టీఈ:ట్రాకింగ్-నార్మల్ టీఈ:లీడింగ్-రిలాక్స్‌డ్ టీఈ:టెక్స్ట్-ఎస్ఎమ్" చేర్చండి. రిలాక్స్‌డ్ అంటే 1.625 రెట్లు, ఎస్ఎమ్ అంటే 14 పిక్సెల్స్. 12 పిక్సెల్స్‌లో తెలుగు వత్తులు చవక ఫోన్ల మీద చదవలేం. సెలెక్టర్ రాసేటప్పుడు లాంగ్ ఆట్రిబ్యూట్‌ని చదరపు బ్రాకెట్లలో వెతక్కుండా, కోలన్‌తో మొదలయ్యే లాంగ్ సూడో క్లాస్ వాడండి. ఆట్రిబ్యూట్ సెలెక్టర్ దాన్ని రాసిన ఎలిమెంట్‌కే పడుతుంది, సూడో క్లాస్ లోపల ఉన్నవాటన్నిటికీ పడుతుంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ మీద భాష కోడ్ సరిగ్గా ఉండాలి. భాష మార్చే బటన్ నొక్కినప్పుడు దాన్ని కూడా మార్చండి, చాలా సైట్లలో మర్చిపోయేది ఇదే.

లేబుల్‌ని ప్రత్యేకంగా చూపాలంటే తెలుగులో "ఫాంట్-సెమీబోల్డ్", కొంచెం వేరే రంగు చాలు.

గోదారి_ఫ్రంట్‌ఎండ్

చాలా థ్యాంక్స్ అండీ, నాలుగూ కుదిరాయి. ఇంకో రెండు అడుగుతాను. ఇదే లేబుల్ స్టైల్‌ని మట్టి పరీక్ష ఫలితాల టేబుల్ హెడింగ్స్‌కి కూడా వాడదామనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా? రెండోది, అప్పర్‌కేస్ పెట్టాక సెలీనియం (బ్రౌజర్‌ని తనంతట నడిపి పరీక్షించే సాధనం) టెస్టులు కొన్ని ఫెయిల్ అవుతున్నాయి. టెక్స్ట్ మేం ముట్టుకోలేదు.

కాస్కేడ్‌కాపరి జవాబు

టేబుల్ హెడింగ్స్‌కి వద్దు. యూనిట్లు ఉన్న చోట అప్పర్‌కేస్ అర్థాన్నే మారుస్తుంది.

మట్టి పరీక్షలో లవణ సాంద్రత కోసం విద్యుత్ వాహకత చూస్తారు. దాన్ని డెసీసీమెన్స్ పర్ మీటర్‌లో ఇస్తారు, కొన్ని ల్యాబులు మిల్లీసీమెన్స్ పర్ సెంటీమీటర్‌లోనో మైక్రోసీమెన్స్ పర్ సెంటీమీటర్‌లోనో ఇస్తాయి. 1 డెసీసీమెన్స్ పర్ మీటర్ అంటే 1 మిల్లీసీమెన్స్ పర్ సెంటీమీటరే, అంటే 1000 మైక్రోసీమెన్స్ పర్ సెంటీమీటర్. మిల్లీకి గుర్తు స్మాల్ ఎమ్, మైక్రోకి గుర్తు గ్రీకు మ్యూ. మ్యూని అప్పర్‌కేస్ చేస్తే యూనికోడ్ నియమం ప్రకారం గ్రీకు క్యాపిటల్ మ్యూ వస్తుంది. చూడ్డానికి అది అచ్చం ఇంగ్లిష్ క్యాపిటల్ ఎమ్. మిల్లీ కూడా క్యాపిటల్ ఎమ్ అవుతుంది. రెండు యూనిట్లూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి, మధ్యలో తేడా వెయ్యి రెట్లు. రైతు ఆ అంకె చూసే జిప్సం వేయాలా, నీరు నిలగట్టి లవణాలు కడగాలా అని సలహా అడుగుతాడు. మైక్రోగ్రాము, మిల్లీగ్రాములకీ ఇదే గొడవ. మట్టి పుల్లదనం చూపే పీహెచ్‌లో పీ స్మాల్‌గా ఉండాలి, అదీ మారిపోతుంది.

హెడింగ్‌లో పేరుని ఒక స్పాన్‌లో, యూనిట్‌ని ఇంకో స్పాన్‌లో పెట్టి యూనిట్‌కి "నార్మల్-కేస్" ఇవ్వొచ్చు. కానీ రేపు కొత్త కాలమ్ చేర్చేవాళ్లు ఆ స్పాన్ మర్చిపోతే ఎవరికీ తెలియదు. అందుకే ఆ టేబుల్‌లో కేస్ క్లాసే వాడకండి అంటున్నాను.

సెలీనియం గెట్-టెక్స్ట్ తెర మీద కనిపించే రూపాన్ని ఇస్తుంది, అందులో టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ ప్రభావం కూడా ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఇన్నర్‌టెక్స్ట్ అంతే. టెక్స్ట్‌కంటెంట్ మాత్రం సోర్స్‌లో ఉన్నదే ఇస్తుంది. టెస్టుల్లో గెట్-టెక్స్ట్ బదులు టెక్స్ట్‌కంటెంట్ ప్రాపర్టీని తీసుకుని పోల్చండి. లేదా అసలు మాటతో కాకుండా డేటా-టెస్ట్ఐడీతో ఎలిమెంట్‌ని పట్టుకోండి. మీ కోడ్‌లో ఎక్కడైనా ఇన్నర్‌టెక్స్ట్ చదివి డేటాలో సేవ్ చేస్తుంటే అది వెతికి మార్చండి, స్టైల్ మార్పు డేటాలోకి పాకే దారి అదే.

అరసున్న జవాబు

పైదానికి చిన్న చేర్పు. అనువాదాల జేసన్ ఫైల్లో ఇంగ్లిష్ మాటలు మామూలు కేస్‌లోనే రాయించండి, క్యాపిటల్స్ కావాలంటే క్లాస్ చూసుకుంటుంది. ఫైల్లోనే క్యాపిటల్స్ రాస్తే తర్వాత వెనక్కి తీసుకురాలేరు. అలాగే క్లాస్ పేరుని ముక్కలుగా అతికించకండి: "అప్పర్" అనో "లోయర్" అనో ఒక వేరియబుల్‌లో పెట్టుకుని దానికి "కేస్" కలిపితే టైల్‌విండ్‌కి ఆ పేరు కనబడదు, సీఎస్ఎస్‌లోకి రాదు. పూర్తి పేర్లు రెండూ కోడ్‌లో రాసి ఉండాలి. క్లాసు పేర్లు డేటాబేస్ నుంచి వస్తుంటే 4.1 నుంచి "ఎట్-సోర్స్ ఇన్‌లైన్"లో వాటిని పేర్కొనండి, 3లో అయితే కాన్ఫిగ్‌లో సేఫ్‌లిస్ట్.

కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు ఏ రూపం వస్తుందన్నది బ్రౌజర్‌ని బట్టి మారుతుంది. రసీదు నంబరు లాంటివి జనం కాపీ చేసుకుంటారు కాబట్టి వాటికి క్లాస్ పెట్టకుండా, చూపించాల్సిన రూపంలోనే సర్వర్ నుంచి పంపండి.